సోలిఫెనాసిన్ మాత్ర దుష్ప్రభావాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మూత్రం ఉన్నట్టుండి ముంచుకురావడం, బాత్‌రూమ్ తలుపు తీసేలోపే కొంత జారిపోవడం, పగలు గంటకోసారి, రాత్రి నిద్రలోంచి రెండు మూడుసార్లు లేవవలసి రావడం వంటి ఇబ్బందులను వైద్యులు ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. దీనికి మన దగ్గర విరివిగా రాసే మాత్రల్లో సోలిఫెనాసిన్ ఒకటి. 2004లో అమెరికాలో వెసికేర్ అనే పేరుతో ఆమోదం పొందిన ఈ మందును ఇప్పుడు మన దేశంలో అనేక కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి. కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును కాక, దాని కింద చిన్న అక్షరాల్లో సోలిఫెనాసిన్ సక్సినేట్ అని ఉందో లేదో చూసుకోవాలి. నోరు ఎండిపోతోందనో, విరేచనం కావడం లేదనో, వైద్యుడికి ఒక్క మాటైనా చెప్పకుండా ఈ మాత్రను పక్కన పడేసేవారు తక్కువేమీ కాదు. కింది జవాబులు వారినీ, వారి ఇంట్లోవాళ్ళనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మూత్రాశయానికి రాసిన మందు నోటిని ఎందుకు ఎండబెడుతుంది?

మూత్రాశయం గోడలో డెట్రుసర్ అనే కండరం ఉంటుంది. నరాల చివరల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ కండరం మీద ఉన్న ఎం3 గ్రాహకాలకు, అంటే ఆ రసాయనాన్ని అందుకునే చోట్లకు, అంటుకున్నప్పుడు అది బిగుసుకుని మూత్రాన్ని బయటికి నెడుతుంది. ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ ఉన్నవారిలో మూత్రాశయం సగమైనా నిండకముందే ఈ కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. సోలిఫెనాసిన్ ముందుగానే వెళ్ళి ఆ గ్రాహకాలను ఆక్రమించడం వల్ల బిగింపు తగ్గుతుంది, మూత్రాశయానికి కొంత ఎక్కువసేపు నిలుపుకునే శక్తి వస్తుంది.

చిక్కు ఏమిటంటే, అవే గ్రాహకాలు లాలాజల గ్రంథుల్లోనూ, పేగుల గోడల్లోనూ, కంటిలో చూపును దగ్గరికీ దూరానికీ సర్దే కండరంలోనూ ఉన్నాయి. ఒకే తాళంచెవి ఇంట్లోని నాలుగు గదులకూ పట్టినట్టు, మూత్రాశయంలో మనం కోరుకున్న పనే మిగతా చోట్ల మనం కోరని పనిగా కనిపిస్తుంది. అందువల్ల నోరు కాస్త ఎండుతోందంటే మందు నకిలీదనో, శరీరానికి పడలేదనో అనుకోనక్కర్లేదు.

ఈ ఇబ్బందులు ఎంతమందిలో కనిపిస్తాయి?

ఆమోదానికి ముందు 12 వారాలపాటు జరిపిన పరీక్షల్లో, రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న ప్రతి 100 మందిలో సుమారు 11 మందికి, 10 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో సుమారు 28 మందికి నోరు ఎండిపోయింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ 4 గురు అదే చెప్పారు. మలబద్ధకం 5 మిల్లీగ్రాములతో 100కు 5 మందిలో, 10 మిల్లీగ్రాములతో 13 మందిలో, ఉత్తుత్తి మాత్రతో 3 గురిలో కనిపించింది. చూపు మసకబారడం 100కు 4 నుంచి 5 మందిలో ఉండగా, ఉత్తుత్తి మాత్రతో అది ఇద్దరికి పరిమితమైంది.

ఈ అంకెల్లో నాకు ముఖ్యంగా తోచేది వేరొకటి ఉంది. మోతాదు రెట్టింపైతే నోరెండడం రెట్టింపును మించిపోయింది, కాని ఫలితం అంతగా పెరగలేదు. రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్ళవలసి వచ్చిందన్న లెక్కలో 5 మిల్లీగ్రాములతో రెండుకు కాస్త పైగా తగ్గితే, 10 మిల్లీగ్రాములతో ఇంచుమించు రెండున్నర నుంచి మూడుసార్లు తగ్గింది. కాబట్టి 5 మిల్లీగ్రాములతోనే సగం గట్టెక్కినవారు పెద్ద మోతాదు కోసం తొందరపడకపోవడం మంచిదని నా అభిప్రాయం. అసలు 5 మిల్లీగ్రాములు ఏ మేరకు పనిచేసిందో తేల్చుకోవడానికైనా కనీసం నాలుగు వారాలు ఆగాలి.

నోరు పిడచకట్టుకుపోతోంది. నీళ్ళు ఎక్కువగా తాగవచ్చా?

తాగితే నోటికి ఉపశమనం, మూత్రాశయానికి మళ్ళీ పని. చెంబెడు నీళ్ళు గటగటా తాగి, గంటలోపు రెండుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్ళి, మాత్ర పనిచేయడం లేదని వాపోయేవారు ఉన్నారు. ఎండిపోయింది నోరే గాని, నీరు తగ్గింది శరీరంలో కాదు. అందువల్ల చిన్న గ్లాసులో నీళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగడం చాలు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా, నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకున్నా లాలాజలం ఊరుతుంది. భోజనంలో పొడి చపాతీ, అటుకులు, జంతికల వంటివి గొంతులో దిగడం కష్టమైతే పక్కన పలుచని చారో మజ్జిగో ఉంచుకోవాలి. రంగు సోంపు, పిప్పరమెంటు బిళ్ళలు మాత్రం వద్దు. లాలాజలం తక్కువగా ఉన్న నోటిలో చక్కెర పళ్ళను త్వరగా పుచ్చిపోయేలా చేస్తుంది. నెలల తరబడి ఈ మాత్ర వాడేవారు పళ్ళ వైద్యుడికి ఆ సంగతి చెప్పి, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కట్టుడుపళ్ళు ఉన్నవారికి చిగుళ్ళు ఒరుసుకుని పుండ్లు పడవచ్చు కాబట్టి రాత్రిపూట వాటిని తీసి ఉంచడం అవసరం.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. మూత్రం రాకుండా ఉండాలని కొందరు పగలంతా నీళ్ళు తాగడమే మానేస్తారు. అప్పుడు మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, మలబద్ధకమూ ముదురుతుంది.

ఈ మాత్ర వేడి చేస్తుందా?

మన ఇళ్ళలో నోరెండినా, విరేచనం కాకపోయినా, కళ్ళు పొడిబారినా ఒకే మాట వినిపిస్తుంది: వేడి చేసింది. ఆ వెంటనే సబ్జా నీళ్ళు, కొబ్బరిబోండాలు, రాగిజావ వరసగా వస్తాయి. సోలిఫెనాసిన్ శరీరంలో వేడిని పుట్టించదు. అవన్నీ పైన చెప్పిన గ్రాహకాలు మూసుకుపోవడం వల్ల వచ్చినవే. పైగా చలవ కోసం తాగిన నీరంతా మూత్రంగానే బయటికి రావాలి.

అయితే ఆ మాటలో పొరపాటున ఒక నిజం చిక్కింది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే ఈ తరగతి మందులు చెమట పట్టడాన్ని తగ్గించగలవు. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది కనుక, చెమట తగ్గితే ఎండ దెబ్బ త్వరగా తగులుతుంది. రోహిణి కార్తెలో రెంటచింతలలోనో, రామగుండంలోనో మధ్యాహ్నం రెండు గంటలకు పొలం పనికో, బస్సు కోసమో ఎండలో నిలబడేవారికి ఇది చిన్న విషయం కాదు. ఒళ్ళు కాలిపోతూ చర్మం మాత్రం పొడిగా ఉండి, తల దిమ్ముగా, మాట తడబడుతూ ఉంటే దాన్ని వడదెబ్బగానే భావించి, వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. వేసవిలో మాత్ర కొనసాగించాలా, తాత్కాలికంగా ఆపాలా అన్నది ఎండలో పని తప్పనివారు వైద్యుడిని తప్పక అడగవలసిన ప్రశ్న.

మలబద్ధకానికి ఏం చేయాలి?

నోరెండడం కంటే దీన్నే ఎక్కువ పట్టించుకోవాలి. నిండిన పెద్దపేగు మూత్రాశయం మీద ఒత్తిడి తెచ్చి, మూత్రం తొందరను తిరిగి పెంచుతుంది. అంటే మందు ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో లాక్కుంటుంది. ఆకుకూరలు, బీరకాయ, జామపండు, జొన్నరొట్టె వంటి పీచు ఉన్న ఆహారం, రోజూ కొంత నడక మొదటి మెట్టు. అవి చాలకపోతే ఇసబ్గోల్ ఊక తీసుకోవచ్చు గాని, దాన్ని నిండు గ్లాసు నీటితోనే తీసుకోవాలి. తక్కువ నీటితో తీసుకుంటే అదే గొంతులోనో, పేగులోనో ముద్దకట్టి అడ్డుపడవచ్చు. వైద్యుడి సలహాతో లాక్టులోజ్ వంటి ద్రవాలూ వాడవచ్చు. మూడు రోజులు దాటినా విరేచనం కాకుండా, కడుపు ఉబ్బి, నొప్పితో వాంతులు అవుతుంటే ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మందు వల్ల పేగు కదలిక పూర్తిగా స్తంభించడం అరుదే అయినా, జరగని విషయం కాదు.

చూపు మసకబారింది. కళ్ళకు ప్రమాదమా?

ఎక్కువమందిలో ఇది దగ్గరి అక్షరాలు అలికినట్టు కనిపించడంతో ఆగిపోతుంది. అందుకోసం కొత్త కళ్ళద్దాలు చేయించుకోనక్కర్లేదు. మొదటి కొన్ని రోజులు, మందు తమమీద ఎలా పనిచేస్తోందో తెలిసేవరకు, బండి నడపకపోవడం మంచిది. ముఖ్యంగా రాత్రిపూట.

నీటికాసుల వ్యాధి, అంటే గ్లకోమా, ఉన్నవారి సంగతి వేరు. అందులో కంటి కోణం ఇరుకుగా ఉండే రకం అదుపులో లేనివారికి ఈ మందు ఇవ్వకూడదు. గ్లకోమాకు చుక్కలు వేసుకుంటున్నవారు అది ఏ రకమో కంటి వైద్యుడిని అడిగి తెలుసుకున్న తర్వాతే దీన్ని మొదలుపెట్టాలి. కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి పెట్టడం, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించడం, తలనొప్పితో వాంతి రావడం జరిగితే ఆ పూటే చూపించుకోవాలి. తెల్లవారేదాకా ఆగితే చూపు పోవచ్చు.

మూత్రం పూర్తిగా ఆగిపోయే అవకాశం ఉందా?

ఉంది. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన పురుషుల్లో, దీర్ఘకాలం షుగర్ వల్ల మూత్రాశయ నరాలు బలహీనపడినవారిలో ఆ అవకాశం ఎక్కువ. దారి ఇరుకైనప్పుడు మూత్రాశయం గట్టిగా నెట్టి పని జరుపుకుంటుంది. ఈ మందు ఆ నెట్టే బలాన్నే తగ్గిస్తుంది. అలాగని ప్రొస్టేట్ పెరిగినవారికి ఇది నిషిద్ధమేమీ కాదు. ప్రొస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్‌తో కలిపి రాయడం మామూలే. అయితే దానికి ముందు, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడడం భద్రమైన పద్ధతి. ఆ పరీక్ష లేకుండా మాత్ర రాస్తే, చేయిద్దామా అని అడగడంలో తప్పు లేదు. ధార సన్నబడడం, చుక్కలుగా రావడం, పొత్తికడుపు బిగిసి ఎంత ప్రయత్నించినా రాకపోవడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దవాళ్ళకు మతిమరుపు వస్తుందంటున్నారు, నిజమేనా?

కొందరు వృద్ధుల్లో మగత, గందరగోళం, అరుదుగా లేనివి ఉన్నట్టు కనిపించడం జరుగుతుందన్నది నిజం. అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం ప్రచురించే బీర్స్ జాబితా కూడా ఈ తరగతి మందులను మతిమరుపు వ్యాధి ఉన్నవారికి వీలైనంతవరకు ఇవ్వవద్దని చెబుతుంది. ఎన్నో ఏళ్ళు ఇటువంటి మందులు వాడినవారిలో డిమెన్షియా, అంటే మతిమరుపు వ్యాధి, ఎక్కువగా కనిపించిందని చెప్పే పరిశీలనలు ఉన్నాయి, అయితే వాటినిబట్టి మందే కారణమని ఖాయంగా చెప్పలేము.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ ఒక్క మాత్రలో కంటే పక్కన ఉన్న మాత్రల్లో ఉంది. పెద్దవాళ్ళు తెచ్చుకునే మందుల సంచిని బల్ల మీద బోర్లిస్తే, జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న బిళ్ళ, కడుపునొప్పికి డైసైక్లోమిన్, దురదకు హైడ్రాక్సిజైన్, నిద్రకో నరాల మంటకో అమిట్రిప్టిలిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ బయటపడతాయి. రాసినవాళ్ళు వేర్వేరు వైద్యులు, కొన్ని అయితే మందుల షాపులో అడిగి కొన్నవి, స్ట్రిప్పు సగం కత్తిరించి ఇవ్వడంతో కొన్నింటిమీద పేరు కూడా ఉండదు. ఇవన్నీ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునేవే. ఒక్కొక్కటి విడిగా భరించగలిగినదే అయినా, నాలుగు కలిసిన రోజున పెద్దాయన మనవడిని పేరు తప్పి పిలుస్తాడు, రాత్రి లేచి గోడ పట్టుకుని నడవబోయి పడిపోతాడు. వయసు మీదపడిందని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులు అక్కడ నిద్రకోసమో అలర్జీకోసమో చీటీ లేకుండా దొరికే డైఫెన్‌హైడ్రమైన్ బిళ్ళలు వేసుకున్నా ఇదే జరుగుతుంది.

మరొక చిక్కుముడి ఉంది. మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, దానివల్ల మూత్రం ఆపుకోలేని స్థితి రావచ్చు. దానికి సోలిఫెనాసిన్ రాస్తే ఒక మందు ఎక్కించినదాన్ని మరొకటి దించుతూ ఉంటుంది. డోనెపెజిల్ మొదలైన తర్వాతే మూత్రం ఇబ్బంది వచ్చిందేమో తేదీలు చూసుకుని వైద్యుడికి చెప్పాలి.

షుగర్, బీపీ మాత్రలతో కలిపి వేసుకోవచ్చా?

సాధారణంగా వేసుకోవచ్చు. కాని ముందు అడగవలసిన ప్రశ్న, ఆ మాత్రలే మాటిమాటికీ మూత్రం రావడానికి కారణమా అన్నది. షుగర్ ఎక్కువగా ఉంటే మూత్రం ఎక్కువవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు షుగర్‌ను మూత్రంలోకే పంపిస్తాయి. బీపీ మాత్రల్లో కొన్నింటిలో మూత్రం పెంచే మందు కలిపి ఉంటుంది. దాన్ని రాత్రికి బదులు ఉదయం వేసుకునేలా మార్చితేనే కొందరికి నిద్ర దక్కుతుంది. ఇటువంటి కారణం ఉన్నప్పుడు సోలిఫెనాసిన్ పెద్దగా ఉపయోగపడదు, దాని దుష్ప్రభావాలు మాత్రం మిగులుతాయి.

నిజంగా జాగ్రత్త పడవలసినది తామర మందుతో. తామర మొండికేసినప్పుడు వారాల తరబడి వాడే ఇట్రాకొనజోల్, అలాగే కీటోకొనజోల్ బిళ్ళలు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కాలేయంలో సోలిఫెనాసిన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో రక్తంలో మందు మోతాదు బాగా పెరుగుతుంది. అటువంటప్పుడు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కిడ్నీలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి, కాలేయం ఒక మోస్తరుగా దెబ్బతిన్నవారికి కూడా ఇదే హద్దు. కాలేయం తీవ్రంగా దెబ్బతింటే అసలు వాడకూడదు. ఇసీజీలో క్యూటీ వ్యవధి, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకుని తిరిగి సిద్ధం కావడానికి పట్టే సమయం, ఎక్కువగా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ కాగితం తప్పక చూపించాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు ఏవి?

కంటినొప్పి, మూత్రం ఆగిపోవడం, పేగు స్తంభించడం, వడదెబ్బ గురించి పైన చెప్పాను. వీటికి తోడు పెదవులు, నాలుక, ముఖం ఉబ్బి ఊపిరి ఆడకపోవడం అరుదైనా ప్రాణాంతకమైన అలర్జీ. అది మొదటి మాత్రతోనే రావచ్చు, చాలాకాలం వాడాక కూడా రావచ్చు. అటువంటివారు మళ్ళీ ఎప్పుడూ ఈ మాత్రను ముట్టుకోకూడదు. గుండె దడతో స్పృహ తప్పడం, ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడడం కూడా ఆగి చూడవలసినవి కావు. మూత్రంలో మంట, జ్వరం ఉంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మూత్ర పరీక్ష చేయించాలి.

దుష్ప్రభావాలు భరించలేకపోతే వేరే దారి ఉందా?

మిరాబెగ్రాన్ ఉంది. 2012లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ మందు ఎసిటైల్‌కోలిన్ జోలికి పోకుండా, బీటా3 గ్రాహకాలను ప్రేరేపించి మూత్రాశయ కండరాన్ని సడలిస్తుంది. అందువల్ల నోరెండడం, మలబద్ధకం చాలా తక్కువ. అయితే ఇది బీపీని పెంచవచ్చు కాబట్టి, బీపీ 180/110 లేదా అంతకు మించి అదుపు తప్పినవారికి ఇవ్వకూడదు, మిగతావారూ మొదటి వారాల్లో బీపీ చూపించుకుంటూ ఉండాలి. గుండెకో బీపీకో ఇచ్చే మెటోప్రొలోల్, డిగాక్సిన్ వాడేవారు ఆ విషయం ముందే చెప్పాలి.

మందు లేని మార్గాన్ని చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు, అది తగదు. తొందర వచ్చిన వెంటనే పరుగెత్తకుండా కూర్చుని, మూత్రాన్ని బిగబట్టే కటి కండరాలను ఐదారుసార్లు బిగించి వదిలి, తొందర తగ్గాక మెల్లగా లేచి వెళ్ళడం, ఆ విరామాన్ని వారం వారం పది పదిహేను నిమిషాలు పెంచుకుంటూ పోవడం మూత్రాశయానికి ఇచ్చే శిక్షణ. కాఫీ, టీలు తగ్గించడం, రాత్రి పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు నుంచి ద్రవాలు తగ్గించడం దానికి తోడు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడవచ్చా?

సొంతంగా వాడకూడదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న దశలోనే వైద్యురాలితో మాట్లాడాలి.

దుష్ప్రభావాన్ని ప్రభుత్వానికి తెలియజేసే వీలుందా?

ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నిర్వహణలో ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా పనిచేస్తోంది. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగులు స్వయంగా ఫోన్ చేయవచ్చు. మాత్రల స్ట్రిప్పు మీద ఉన్న బ్యాచ్ నంబరు దగ్గర పెట్టుకుంటే పని సులువవుతుంది.

మాత్ర మానేస్తే ఇబ్బందులు వెంటనే తగ్గుతాయా? ఒక రోజు మరిచిపోతే ఏం చేయాలి?

వెంటనే తగ్గవు. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి 45 నుంచి 68 గంటలు, అంటే ఇంచుమించు రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. పూర్తిగా వెళ్ళిపోవడానికి పది రోజులు దాటవచ్చు. నిన్న మానేశాను, ఇవాళ కూడా నోరు ఎండుతోంది కాబట్టి ఇది మాత్ర వల్ల కాదు అని తేల్చేయకూడదు. ఇదే కారణంగా మొదలుపెట్టినప్పుడూ మందు శరీరంలో స్థిరపడడానికి పది రోజుల దాకా పడుతుంది. రెండో రోజున లేని ఇబ్బంది రెండో వారంలో కనిపించడం వింత కాదు. శరీరం నుంచి నెమ్మదిగా వెళ్ళిపోయే మందు కనుక ఒక రోజు మరిచిపోయినా పెద్ద నష్టం ఉండదు. ఆ రోజుకు వదిలేసి, మరుసటి రోజు మామూలు వేళకు ఒకే మాత్రను నమలకుండా, విరవకుండా నీటితో మింగాలి. నిన్నటిదీ నేటిదీ కలిపి వేసుకోకూడదు.